నీటి బిల్లు ఎవరికి పొదుపు నేర్పుతోంది?

మేం చాదర్‌ఘాట్‌లో ఒక పాత ఇంటి వెనక గదిలో కిరాయికి ఉంటాం. కిరాయి కాక నెలనెలా ‘నీళ్ళ పైసలు’ అని 300 రూపాయలు ఇస్తాం. ఆ ఇంట్లో ఓనర్లతో కలిపి నాలుగు కుటుంబాలు, పదిహేను మంది మనుషులు. నల్లా కనెక్షన్ ఒక్కటే. బిల్లు ఒకసారి చూపించమని అడిగితే, “నా పేరు మీద వచ్చే బిల్లు మీకెందుకు?” అన్నారు. మా పరిశోధన అంశం నగరాల్లో నీటి ఛార్జీలు. ఏ నగరంలో వెయ్యి లీటర్లకు ఎంత తీసుకుంటారో చెప్పగలం. మేం ఉండే ఇంటి నల్లా బిల్లు ఎంతో మాత్రం చెప్పలేం.

ఇది మా ఒక్కరి ముచ్చట కాదు. నగరంలో కిరాయికుండే చాలామంది పేదలది ఇదే పరిస్థితి. అందుకే, ప్రతి ఎండాకాలం టీవీల్లో, సెమినార్లలో “నీళ్ళకు సరైన ధర పెడితే తప్ప జనం పొదుపు చేయరు” అనే మాట వినపడ్డప్పుడు, మేం ముందు ఒక ప్రశ్న వేసుకుంటాం. ఆ ధర ఎవరి దాకా చేరుతుంది? ఎవరి వాడకాన్ని కొలుస్తుంది? ఎవరిని వదిలేస్తుంది? ఈ వ్యాసంలో ధర ద్వారా పొదుపు అనే ఆలోచన ఎట్లా పనిచేస్తుందో, హైదరాబాద్‌లో అది ఏ రూపంలో ఉందో, దళిత బహుజన బస్తీల నుంచి చూస్తే అందులో లోపం ఎక్కడుందో చెప్పే ప్రయత్నం చేస్తాం.

ధరతో పొదుపు: సిద్ధాంతం ఏమంటోంది?

1992 జనవరిలో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు, నీటిని ఆర్థిక విలువ ఉన్న వస్తువుగా గుర్తించాలని ప్రకటించింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పులతో నడిచిన చాలా నగర పథకాల్లో ఈ ఆలోచన కనిపిస్తుంది. దాని సారాంశం తేలికే. ఉచితంగా వచ్చేదాన్ని మనిషి జాగ్రత్తగా వాడడు, లీటరు లీటరుకూ పైసలు కట్టాల్సి వస్తే కట్టేస్తాడు నల్లా.

దీన్ని అమలు చేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఎంత వాడినా వెయ్యి లీటర్లకు ఒకే రేటు పెట్టడం ఒకటి. వాడకం పెరిగేకొద్దీ రేటు పెంచే స్లాబు పద్ధతి రెండోది. మన కరెంటు బిల్లు లాంటిదే. బతకడానికి కావాల్సినంత ఉచితంగా ఇచ్చి, ఆపైన వాడినదానికి వసూలు చేయడం మూడోది. ఎండాకాలంలో రేటు పెంచి వానాకాలంలో తగ్గించడం ఇంకొకటి.

ఇవి అసలు పనిచేయవని మేం అనడం లేదు. ఇళ్ళలో నీటి వాడకం మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు 1997లో ఒకటి, 2003లో ఒకటి వచ్చాయి. ధర 10 శాతం పెరిగితే వాడకం సగటున 4 నుంచి 5 శాతం తగ్గిందని అవి తేల్చాయి. అయితే ఆ లెక్కల్లో ఎక్కువ భాగం అమెరికా లాంటి దేశాలవి. అక్కడ ఇంటింటికీ మీటరు, రోజంతా నీళ్ళు, చాలా ఇళ్ళకు ముందు గడ్డి తోట ఉంటాయి. తోటకు పెట్టే నీళ్ళు తగ్గించుకోవచ్చు. తాగే నీళ్ళు, బువ్వ వండే నీళ్ళు తగ్గించుకోలేం.

ధర పెంచకుండా బిల్లు కాగితంతోనే పొదుపు తెచ్చిన అనుభవాలూ ఉన్నాయి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం కాబ్ కౌంటీలో 2007లో లక్షకు పైగా ఇళ్ళతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఇళ్ళకు, మీ చుట్టుపక్కలవాళ్ళతో పోలిస్తే మీరు ఇంత వాడుతున్నారు అని ఉత్తరం పంపారు. ఆ ఇళ్ళలో వాడకం 5 శాతానికి దగ్గరగా తగ్గింది. ఎక్కువ వాడే ఇళ్ళే ఎక్కువ తగ్గించాయి. దీనికి పూర్తి వ్యతిరేకమైన అనుభవం నార్త్ కరోలినాలోని ఒక చిన్న పట్టణానిది. రెండు నెలలకోసారి ఇచ్చే బిల్లును నెలనెలా ఇవ్వడం మొదలుపెడితే అక్కడ వాడకం తగ్గలేదు, 3.5 నుంచి 5 శాతం పెరిగింది. బిల్లు తరచుగా ఇచ్చినంత మాత్రాన పొదుపు దానంతట అది రాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

వీటన్నిటి నుంచి మేం గ్రహించింది మూడు షరతులు. ధర పొదుపు నేర్పాలంటే, ఒకటి, మీటరు నా వాడకాన్నే కొలవాలి. రెండు, బిల్లు నా చేతికి రావాలి. మూడు, నేను తగ్గించుకోగల వాడకం నాకు ఉండాలి. ఈ మూడిటిలో ఏ ఒక్కటి లేకపోయినా ధర పొదుపు నేర్పదు, శిక్ష మాత్రం వేస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్నదేంటి?

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం పెరిగేకొద్దీ మంజీర, సింగూరు, ఆ తర్వాత కృష్ణ, గోదావరి నీళ్ళు తెచ్చారు. గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్లు పైపుల్లో ప్రయాణం చేసి వస్తాయి. అంత దూరం నుంచి ఎత్తిపోయడానికి కరెంటు ఖర్చు భారీగా ఉంటుంది. కాబట్టి నీటిని వృథా చేయొద్దు అనే మాటలో తప్పు లేదు.

1989లో ఏర్పడిన జలమండలి ఇప్పటికీ స్లాబు పద్ధతినే పాటిస్తోంది. 2011 డిసెంబర్ నుంచి అమలైన రేట్లలో బస్తీ కేటగిరీ ఇళ్ళకు మొదటి 15 వేల లీటర్ల దాకా వెయ్యి లీటర్లకు 7 రూపాయలు. మామూలు ఇళ్ళకు 10. ఆపైన 30 వేల లీటర్ల దాకా 12, 50 వేల దాకా 22, లక్ష దాకా 27. ఇంకా పైకి పోతే 35, 40. నీటి ఛార్జీ మీద 35 శాతం సీవరేజ్ సెస్ అదనం.

2020 చివర్లో జీహెచ్‌ఎంసీ ఎన్నికల ముందు అప్పటి ప్రభుత్వం నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ప్రకటించింది. 2021 జనవరి 12న మొదలుపెట్టి, 2020 డిసెంబర్ వాడకం నుంచే వర్తింపజేసింది. బస్తీ కేటగిరీ కనెక్షన్లకు మీటరు తప్పనిసరి కాదు. మిగతావాళ్ళకు పనిచేసే మీటరు ఉండాలి, కనెక్షన్ నంబరుకు (దీన్నే క్యాన్ నంబరు అంటారు) ఆధార్ జోడించాలి. 20 వేల లీటర్లు దాటితే దాటిన మేరకు ఛార్జీ. అపార్ట్‌మెంట్లలో అయితే ఒక్కో ఫ్లాటుకు 20 వేల లీటర్లు లెక్క.

ఇది పేదలకు మేలు చేసిన పథకం. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఉచితం అంటేనే వృథా అనేవాళ్ళతో మేం ఏకీభవించం. కానీ ఈ పథకంలో ‘ఇల్లు’ అంటే ఏమిటి అనే దగ్గరే అసలు తేడా వస్తోంది.

కనెక్షన్ల లెక్కా, మనుషుల లెక్కా?

20 వేల లీటర్లు అనే అంకెను ఒకసారి విడదీసి చూద్దాం. డ్రైనేజీ ఉన్న నగరాల్లో ఒక మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలని కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ ప్రమాణం పెట్టింది. ఐదుగురున్న ఇంటికి 30 రోజులకు లెక్కేస్తే 20,250 లీటర్లు. అంటే 20 వేల లీటర్లు ఐదుగురి ఇంటికి సరిగ్గా సరిపోతాయి. ఇంట్లో ఐదుగురే ఉంటే గొడవ లేదు.

ఇప్పుడు రెండు ఇళ్ళు ఊహించుకుందాం. మొదటిది ముగ్గురుండే ఫ్లాటు. నెలకు పూర్తిగా 20 వేల లీటర్లు వాడారు. మనిషికి రోజుకు 222 లీటర్లు. ప్రమాణం కంటే చాలా ఎక్కువ. నీటి ఛార్జీ సున్నా.

రెండోది మేముండే ఇంటి లాంటిది. ఒకే కనెక్షన్ మీద పదిహేను మంది. నెలకు 36 వేల లీటర్లు వాడారనుకుందాం. మనిషికి రోజుకు 80 లీటర్లు. ప్రమాణంలో 60 శాతం కూడా కాదు. 20 వేలు ఉచితం పోను మిగిలిన 16 వేల లీటర్లకు పై స్లాబుల ప్రకారం లెక్కేస్తే, 10 వేలకు 120 రూపాయలు, 6 వేలకు 132, మొత్తం 252. సీవరేజ్ సెస్ 88 కలిపితే 340 రూపాయలు.

మనిషికి 222 లీటర్లు వాడిన ఇంటికి సున్నా, 80 లీటర్లు వాడిన ఇంటికి 340. ఇందులో ఎవరికి పొదుపు నేర్పినట్టు? అదే పదిహేను మంది ప్రభుత్వ ప్రమాణం ప్రకారం 135 లీటర్ల చొప్పున వాడితే నెలకు 60 వేల లీటర్లు దాటి, 27 రూపాయల స్లాబులోకి పోతారు. ప్రభుత్వం చెప్పిన మోతాదులో స్నానం చేసి, బట్టలుతుక్కున్నందుకు లెక్కల్లో ‘దుబారా చేసే ఇల్లు’ అయిపోతారు.

ఇది కొత్తగా మేం కనిపెట్టింది కాదు. డేల్ విటింగ్టన్ అనే ఆర్థికవేత్త 1992లోనే, ఘనాలోని కుమాసీ నగరాన్ని ఉదాహరణగా తీసుకొని, పేద దేశాల్లో స్లాబు పద్ధతి పేదలకే ఎదురు తిరగొచ్చని రాశాడు. అక్కడ ఒక ఇంటి ఆవరణలో చాలా కుటుంబాలు ఒకే మీటరు పంచుకుంటాయి. అందరి వాడకం కలిసి పై స్లాబులోకి పోతుంది. కనెక్షన్ పంచుకునే పేదలు ఎక్కువ రేటు కడతారు. సొంత కనెక్షన్ ఉన్న చిన్న కుటుంబం తక్కువ రేటు కడుతుంది. మూడు దశాబ్దాలు దాటాక కూడా మన నగరం కనెక్షన్లనే లెక్కపెడుతోంది, మనుషులను లెక్కపెట్టడం లేదు.

‘బస్తీ కేటగిరీ ఉంది కదా’ అని అడగొచ్చు. ఉంది. కానీ ఆ కేటగిరీ గుర్తింపు పొందిన బస్తీలకు. జీహెచ్‌ఎంసీ పాత లెక్క ప్రకారమే నగరంలోని 1,476 బస్తీల్లో నోటిఫై అయినవి 985, కానివి 491. వాటికి తోడు మాలాగా బస్తీ బయట, పాత గల్లీల్లో, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబంగా బతికేవాళ్ళు ఉన్నారు. వీళ్ళు ఏ జాబితాలోనూ ‘పేదలు’ కారు.

బిల్లు చూడని కిరాయిదారు

మళ్ళీ మా 300 రూపాయల దగ్గరికి వద్దాం. ముగ్గురు కిరాయిదారులు ఇచ్చేది నెలకు 900. పైన ఊహించిన లెక్క నిజమైతే బిల్లు 340. మోటారు కరెంటు, రిపేర్లు ఉంటాయి, కాదనం. కానీ అసలు విషయం లాభనష్టాలది కాదు. మేం బిందె నీళ్ళు వాడినా, డ్రమ్ము వాడినా ఆ 300 మారదు. కుళాయి కారుతుంటే బాగు చేయించినా మారదు. పొదుపు చేస్తే మాకు ఒరిగేదేం లేదు. అంటే ధర అనే సందేశం ఓనరు గడప దగ్గరే ఆగిపోయింది. మాకు చేరేది దాని భారమే.

దీనికి కులం కోణం కూడా ఉంది. ఈ నగరంలో దళితులకు, ముస్లింలకు కిరాయికి ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఈ వెబ్‌సైట్ పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు. దొరికిన గదిని పోగొట్టుకోలేక బిల్లు అడగరు, నీళ్ళు తక్కువొచ్చినా అడగరు. పొద్దున ఎవరు ముందు పట్టుకోవాలి, ఎవరు ఆఖరున పట్టుకోవాలి అనేది కూడా ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో దాన్ని బట్టే తేలుతుంది.

ఎదురుచూపు కూడా ధరే

నగరంలో చాలా ప్రాంతాలకు నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ కొద్ది సేపే వస్తాయి. అట్లాంటి చోట వాడకాన్ని నిర్ణయించేది రేటు కాదు. నీళ్ళొచ్చే టైము, ఇంట్లో ఉన్న డ్రమ్ములు, పట్టేవాళ్ళ చేతులు. సంపు, మోటారు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్న ఇంటికి గంటసేపు వచ్చినా చాలు, రెండు రోజులకు నిల్వ ఉంటుంది. డ్రమ్ము, నాలుగు బిందెలున్న ఇంటికి అవే రెండు రోజులు గడవాలి. 2025 ఎండాకాలంలో జలమండలి, నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగేవాళ్ళ మీద 5 వేల జరిమానాతో తనిఖీలు మొదలుపెట్టడానికి కారణం ఇదే. ఒకరి మోటారు లాగితే పక్కింటి నల్లాలో ధార సన్నబడుతుంది.

ఆ నీళ్ళు పట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు, ఆడపిల్లలు. ఇళ్ళల్లో పనికి పోయే అమ్మ నీళ్ళొచ్చే రోజు ఆలస్యంగా పోతే ఆ పూట జీతం కోత. బడికి పోయే పిల్ల మొదటి పీరియడ్ పోగొట్టుకుంటుంది. బిల్లులో కనిపించకపోయినా ఇది కూడా నీటి ధరే. పేదలు నీటికి ఏమీ చెల్లించడం లేదు అనేవాళ్ళ లెక్కలో ఈ గంటలు లేవు.

నల్లా చాలని రోజు ట్యాంకర్. జలమండలి ట్యాంకరు 5 వేల లీటర్లకు ఇళ్ళకు 500 రూపాయలు. అంటే వెయ్యి లీటర్లకు 100. పైపులో వచ్చే నీటికి మొదటి స్లాబు రేటు 10. పైపు సరిగా చేరని ఇల్లు పదింతలు కడుతుంది. ప్రైవేటు ట్యాంకరైతే ఎండాకాలంలో వాళ్ళు చెప్పిందే రేటు.

బిల్లులో పడని నీళ్ళు

మీటరు కొలిచేది నల్లా నీటినే. పెద్ద అపార్ట్‌మెంట్లు, బంగళాలు, హోటళ్ళు బోర్లు వేసుకొని తోడుకునే భూగర్భ జలానికి నెలనెలా స్లాబు లేదు. 2002లో తెచ్చిన వాల్టా చట్టం బోరు వేయడానికి అనుమతి కావాలంటుంది. అనుమతి వేరు, తోడిన ప్రతి లీటరుకూ లెక్క వేరు. తోటలకు, కార్లకు, ఈత కొలనులకు పోయే నీరు బోరు నుంచి వస్తే నల్లా రేటు ఎంత పెంచినా ఆ వాడకం తగ్గదు. రేటు తాకేది బోరు వేసుకునే జాగా లేని ఇంటినే.

పైపుల్లో కారిపోయే నీళ్ళు కూడా ఎవరి బిల్లులోనూ పడవు. వాటిని ఆపాల్సింది ఇంటివాళ్ళు కాదు, జలమండలే.

ఇంకొక విషయం. ఇళ్ళకు ఇచ్చిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్కేస్తారు. నగరం పడమటి వైపు నుంచి వచ్చే ఆ మురుగు మూసీలో చేరి, చాదర్‌ఘాట్ వంతెన కిందుగా పోతుంది. తక్కువ నీళ్ళు వాడే బస్తీలు ఎక్కువ వాడినవాళ్ళ మురుగు ఒడ్డున బతుకుతున్నాయి. ఆ మురుగు కాలువలు శుభ్రం చేసే కార్మికుల్లో అత్యధికులు మన కులాలవాళ్ళే. 2013లో చట్టం చేసి మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపడాన్ని నిషేధించినా చావులు ఆగలేదు. నీటి పొదుపు గురించి మాట్లాడేటప్పుడు ఈ గొలుసు మొత్తం చూడాలి.

ఇది ముందు నుంచీ ఉన్న కొట్లాటే

1923లో బొంబాయి శాసనమండలి ఒక తీర్మానం చేసింది. ప్రభుత్వ ధనంతో కట్టిన, నిర్వహించే చెరువులు, బావులు అంటరానివాళ్ళు వాడుకోవచ్చని. మహద్ మున్సిపాలిటీ కాగితం మీద చౌదార్ చెరువును అందరికీ తెరిచింది. ఆచరణలో తెరుచుకోలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ నాయకత్వంలో వేలమంది నడిచిపోయి ఆ నీళ్ళు తాగారు. కాగితం మీది హక్కుకూ, చేతికందే నీటికీ మధ్య దూరం ఎంతో ఆ రోజే తేలింది. ఆ తర్వాత రాజ్యాంగం 15వ అధికరణలో, ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో కులం పేరుతో అడ్డుకోరాదని రాసుకున్నాం.

చాదర్‌ఘాట్‌కు ఆనుకొని ఉన్న ఈసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లల కోసం వందేళ్ళ కిందటే బడి తెరిచాడు. ఈ గల్లీలకు ఆదిహిందూ ఉద్యమ చరిత్ర ఉంది. అప్పుడు బావి దగ్గర అడ్డు నిలబడ్డది మనిషి. ఇప్పుడు అడ్డు నిలబడ్డవి క్యాన్ నంబరు, కేటగిరీ, నోటిఫై అయిన బస్తీల జాబితా. వీటికి కులం పేరు లేదు. ఫలితం మాత్రం తెలిసినవాళ్ళ మీదే పడుతుంది.

వేరే నగరాలు ఏం చెబుతున్నాయి?

ఢిల్లీలో 2015 నుంచి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. కానీ 20 వేలు దాటితే మొత్తం వాడకానికి బిల్లు వస్తుంది. ఇది గట్టి హెచ్చరికే. మీటరు ఉన్న చిన్న కుటుంబం జాగ్రత్త పడుతుంది. ఒకే కనెక్షన్ మీద పది మంది ఉన్న ఇంట్లో ఒక్క బకెట్ ఎక్కువైనా నెల మొత్తానికి ఛార్జీ పడుతుంది.

దక్షిణాఫ్రికా 2001లో ప్రతి ఇంటికి నెలకు 6 వేల లీటర్ల ఉచిత నీటి విధానం తెచ్చింది. ఇంటికి ఎనిమిది మంది, మనిషికి రోజుకు 25 లీటర్లు అని లెక్క. జోహన్నెస్‌బర్గ్ నగరం సొవెటోలోని ఫిరి అనే నల్లజాతి పేదల వాడలో ప్రీపెయిడ్ మీటర్లు బిగించింది. కోటా అయిపోతే నీళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. పైసలు కడితేనే మళ్ళీ వస్తాయి. అక్కడ కూడా ఒకే ప్లాటులో, వెనక గదుల్లో చాలామంది ఉంటారు. అందరికీ కలిపి అవే 6 వేలు. ఆ వాడ మహిళలు కోర్టుకెక్కారు. 2008లో హైకోర్టు ఆ మీటర్లు చట్టవిరుద్ధమని, మనిషికి రోజుకు 50 లీటర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2009 అక్టోబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. మజిబుకో కేసుగా పేరుపడ్డ ఈ కేసులో వాళ్ళు ఓడిపోయారు. అయినా కేసు నడుస్తుండగానే నగరం పేద కుటుంబాలకు అదనపు కోటా ఇచ్చేలా విధానం మార్చుకుంది. కొట్లాట లేకుండా ఆ మార్పు వచ్చేది కాదు.

2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ నీటిని, పారిశుధ్యాన్ని మానవ హక్కుగా గుర్తించింది. హక్కు అంటే ధర ఉండకూడదని కాదు. కట్టలేనందుకు నీళ్ళు ఆగకూడదని.

మూసీ ఒడ్డు నుంచి ఫ్లాటులోకి

2024 సెప్టెంబర్ చివర్లో చాదర్‌ఘాట్ చుట్టుపక్కల శంకర్‌నగర్, మూసానగర్ ఇళ్ళ మీద ‘ఆర్‌బీ-ఎక్స్’ అని ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. మూసీ నదీగర్భంలో ఉన్నాయని. అక్టోబర్ మొదట్లో కూల్చివేతలు మొదలయ్యాయి. చాలా కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించారు. ఆ కూల్చివేతల మీద చాలా మాట్లాడుకోవాలి. ఇక్కడ ఒక్క నీటి సంగతే చూద్దాం.

బస్తీలో ఉన్నప్పుడు బస్తీ కేటగిరీ కనెక్షన్. మీటరు లేకున్నా నడిచేది. ఫ్లాటులోకి పోగానే నీళ్ళు పైకెక్కాలంటే మోటారు, మోటారుకు కరెంటు బిల్లు, సంపు కడగడానికి మనిషి, దీనికంతటికీ నెలనెలా మెయింటెనెన్స్. నీళ్ళు ఉచితమైనా నాలుగో అంతస్తుకు చేరడం ఉచితం కాదు. పనికి దూరమై ఆదాయం తగ్గిన ఇంట్లో ఈ ఖర్చు కొత్తది. పక్క ఫ్లాటువాళ్ళు కట్టకపోతే బ్లాకు మొత్తానికీ మోటారు ఆగుతుంది. పునరావాసం లెక్కల్లో గోడలు, కప్పు ఉంటాయి. నల్లా ఖర్చు ఉండదు. దాన్ని అడగాల్సింది మనమే.

అడగాల్సినవి, చేయాల్సినవి

ధరతో పొదుపు తేవాలనుకుంటే తెండి. కానీ మొదలు పెట్టాల్సింది పై నుంచి. అందుకు మేం కోరేవి ఇవి.

ఉచిత కోటా కనెక్షన్‌కు కాకుండా అందులో ఉండే మనుషుల సంఖ్యకు ఇవ్వాలి. ఒకే కనెక్షన్ మీద ఎన్ని కుటుంబాలుంటే అన్ని కోటాలు కలపాలి. అపార్ట్‌మెంటులో ఫ్లాటుకొకటి ఇవ్వగలిగినప్పుడు పాత ఇంట్లో గదికొకటి ఇవ్వలేమనడానికి కారణం లేదు. కిరాయిదారుకు బిల్లు చూసే హక్కు ఉండాలి. బస్తీ కేటగిరీ నోటిఫై కాని బస్తీలకూ వర్తించాలి. పెద్ద భవనాల బోర్లకు మీటర్లు పెట్టి, అక్కడ స్లాబు వేయాలి. పునరావాస ఇళ్ళలో మోటారు కరెంటు ఖర్చు ప్రభుత్వమే భరించాలి. బకాయి పేరుతో ఏ ఇంటికీ తాగునీరు ఆపకూడదు.

ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా మన సంఘాలు, విద్యార్థులు ఇప్పుడే చేయగలిగినవీ ఉన్నాయి. బస్తీలో ఒక సాయంత్రం కూర్చొని అందరి నల్లా బిల్లులు తీసి చదవండి. ముందు కేటగిరీ చూడండి. బస్తీలో ఉండి మామూలు గృహ కేటగిరీ పడితే సవరణకు దరఖాస్తు పెట్టండి. ఆధార్ జోడించారో లేదో చూడండి. మీటరున్న ఇంట్లో రాత్రి అన్ని నల్లాలు కట్టేసి రీడింగ్ రాసుకోండి, పొద్దున మళ్ళీ చూడండి. అంకె మారితే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు బాగు చేయించడమే పేద ఇంటికి నిజమైన పొదుపు. మీ డివిజన్‌లో 20 వేల లీటర్లు దాటిన కనెక్షన్లు ఎన్ని, వాటిలో ఒక్కోదాని మీద ఎన్ని కుటుంబాలున్నాయి, నోటిఫై కాని బస్తీలు ఏవి అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. కుటుంబాల లెక్క తమ దగ్గర లేదని జవాబు వస్తే, అదే మన వాదనకు మొదటి సాక్ష్యం.

ఈ నెల నీళ్ళ పైసలు ఇచ్చేటప్పుడు మేం కూడా మళ్ళీ బిల్లు అడగబోతున్నాం. ఈసారి ఒక్కరం కాదు, ముగ్గురు కిరాయిదారులం కలిసి అడుగుతాం.